ఆకాశంలో కరెంటు పోతే

కింద వశిష్ఠ గోదావరి. రెండు ఒడ్లా కొబ్బరి తోటలు, ఎదురుగా అంతర్వేది దగ్గర నది కలిసే సముద్రం. మూడు వేల అడుగుల ఎత్తున విమానం సాఫీగా పోతోంది. ఇంజిన్ చప్పుడులో తేడా లేదు, ప్రొపెల్లర్ తిరుగుతూనే ఉంది. ఉన్నట్టుండి ముందున్న రెండు తెరల్లో ఒకటి ఆరిపోయింది. కాసేపటికి రెండోదీ పోయింది. రేడియో మూగబోయింది. ఫ్లాప్స్ మీట నొక్కితే రెక్కల వెనుక కదలిక లేదు.

ఇంట్లో కంప్యూటర్ మీద విమానం నడపడం మొదలుపెట్టినవాళ్లలో చాలామందికి తొలి రోజుల్లోనే ఎదురయ్యే అనుభవం ఇది. అప్పుడు వాళ్లు చేసే పని కూడా ఒకటే. అంతా మూసేసి మళ్లీ మొదటి నుంచి తెరవడం. ఆ పని చేయొద్దని చెప్పడానికే ఈ కథనం. సిమ్యులేటర్ నేర్పగలిగిన పాఠాల్లో అన్నిటికన్నా విలువైనది ఆ చీకట్లోనే ఉంది. కరెంటు ఎక్కడ పుట్టి, ఏ దారిన వచ్చి, ఎక్కడ ఆగిపోయిందో వెతుక్కుంటూ వెళ్లడం ఒకసారి అలవాటైతే, ఆ చూపు విమానం దిగాక కూడా మనతోనే ఉంటుంది.

తెరలన్నీ ఆరినా ఇంజిన్ ఎందుకు ఆగలేదన్నది మొదటి ఆశ్చర్యం. చిన్న విమానాల ఇంజిన్‌కి నిప్పురవ్వ కోసం బ్యాటరీ అక్కర్లేదు. ఇంజిన్ తిరుగుతుంటే దాంతోపాటు తిరిగే రెండు మాగ్నెటోలు సొంతంగా కరెంటు పుట్టించి ప్లగ్గులకి పంపుతాయి. ఒకటి పోయినా రెండోది లాక్కొస్తుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చినా పెట్రోలు ఉన్నంతవరకు ప్రొపెల్లర్ తిరుగుతుంది. కాబట్టి కంగారు పడాల్సిన పనేమీ లేదు. వెతకడానికి కావాల్సినంత వ్యవధి ఉంది.

ఈ సీమకి ఆకాశం కొత్త కాదు

కోనసీమకి విమానాశ్రయం లేదు. అమలాపురానికి రైలే ఇంకా రాలేదు. విమానం ఎక్కాలంటే గోదావరి దాటి రాజమహేంద్రవరం పక్కన మధురపూడికి పోవాలి. అక్కడ కుదరకపోతే విశాఖ, హైదరాబాద్, లేదా విజయవాడ దగ్గరి గన్నవరం. మన పి.గన్నవరం కాదు.

అయినా విమానం తాకని వీధి ఇక్కడ అరుదు. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి ఊళ్ల నుంచి కువైట్‌కీ దుబాయ్‌కీ మస్కట్‌కీ పనికి వెళ్లిన తల్లులున్నారు, తండ్రులున్నారు. వాళ్లు ఎక్కిన విమానం ఏ దారిన పోయిందో ఫోన్‌లో చూసుకుంటూ పెరిగిన పిల్లలున్నారు. 2002 మార్చి 3న అమలాపురం ఎంపీ, అప్పటి లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయిన రోజు ఇక్కడి పెద్దవాళ్లకి ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఆకాశం ఈ సీమకి వీడ్కోలుగా వచ్చింది, దుఃఖంగానూ వచ్చింది. ఇప్పుడు అదే ఆకాశాన్ని ఒక కంప్యూటర్, ఒక జాయ్‌స్టిక్ సాయంతో అర్థం చేసుకోవాలనుకునే పిల్లల్ని చూస్తే నాకు ఎంతో సంతోషంగా ఉంటుంది. వాళ్లు చేసేది ఆటే అనుకోను.

నేల మీద కూర్చుని ఎగరడం నేర్చుకోవాలన్న ఆలోచన పాతదే. ఆర్గన్ వాయిద్యాలు తయారుచేసే ఇంట్లో పెరిగిన ఎడ్విన్ లింక్ అనే అమెరికన్ 1929లోనే గాలి తిత్తులు, మోటార్లతో ఊగే డబ్బా విమానం తయారుచేశాడు. మన దగ్గర హైదరాబాద్‌లోని ఇండియన్ ఎయిర్‌లైన్స్ శిక్షణ కేంద్రంలో తరాల తరబడి పైలట్లు సిమ్యులేటర్లలోనే రాటుదేలారు. ఇళ్లలోకి ఈ విద్య వచ్చింది బ్రూస్ ఆర్ట్‌విక్ రాసిన ప్రోగ్రాంతో. దాన్ని 1982లో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌గా విడుదల చేశారు. 2020 ఆగస్టు 18న వచ్చిన కొత్త రూపంలో ఉపగ్రహ చిత్రాలతో భూగోళం మొత్తం కట్టేశారు. అప్పటికి ఆ సంస్థ పగ్గాలు మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల చేతిలో ఉన్నాయి. 2024 నవంబరులో మరో కూర్పు వచ్చింది. మధురపూడిలో లేచి ధవళేశ్వరం ఆనకట్ట, రావులపాలెం, కొత్తపేట, అమలాపురం చూసుకుంటూ అంతర్వేది దాకా వెళ్లొచ్చు. ఎక్స్-ప్లేన్ ఉంది. పైసా ఖర్చు లేకుండా దొరికే ఫ్లైట్‌గేర్ కూడా ఉంది. కరెంటు లెక్కలు నేర్చుకోవడానికి ఈ ఉచితమైనదే నాకు ఎక్కువ నచ్చుతుంది. ఎందుకో తర్వాత చెబుతాను.

ఏ కరెంటు పోయింది?

చీకటి పడగానే వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న ఇదే. ఇంటి సిమ్యులేటర్‌లో మూడు కరెంట్లున్నాయి. ఒకటి విమానంలోది. బ్యాటరీ, ఆల్టర్నేటర్, తీగలు, బ్రేకర్లు అన్నీ ప్రోగ్రాం లోపల అంకెలుగా ఉంటాయి. రెండోది, మన చేతి నుంచి విమానానికి చేరే కబురు. బల్ల మీద స్విచ్ వేశామన్న సంగతి తెర మీది విమానానికి అందాలి. మూడోది అసలు కరెంటు. వీధి స్తంభం నుంచి మన గదిలోకి వచ్చేది.

మూడింటినీ విడదీయడం కష్టం కాదు. మానిటర్ మొత్తం నల్లబడితే గోల గదిలో ఉంది. విమానం కిటికీలోంచి గోదావరి కనిపిస్తూనే ఉండి, విమానం తెరలు మాత్రమే ఆరిపోతే సంగతి విమానంలో ఉండొచ్చు, కబురులోనూ ఉండొచ్చు. అప్పుడు బల్ల మీది స్విచ్చుల్ని వదిలేసి, తెర మీద కనిపించే స్విచ్‌ని మౌస్‌తో నొక్కాలి. మౌస్‌తో వెలిగి, చేతి స్విచ్‌తో వెలగకపోతే విమానం నిర్దోషి. తప్పు కబురుది. మౌస్‌తో కూడా వెలగలేదంటే అప్పుడు విమానంలోకి దిగాలి. ఈ ఒక్క పరీక్ష చేయకుండా గంటలకొద్దీ సెట్టింగులు తిప్పి, చివరికి ప్రోగ్రాం మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించుకున్నవాళ్లను చూశాను. వాళ్ల శ్రమ తలుచుకుంటే బాధేస్తుంది.

ఎర్రటి జంట స్విచ్

విమానంలోకి దిగుదాం. ఉదాహరణకి సెస్నా 172. ప్రపంచంలో అత్యధికంగా తయారైన విమానం ఇదే. నేర్చుకునేవాళ్లు సిమ్యులేటర్‌లోనూ ముందు దీన్నే ఎక్కుతారు. ఇప్పటి రకంలో 24 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, 28 వోల్టులిచ్చే 60 ఆంపియర్ల ఆల్టర్నేటర్ ఉంటుంది. ఆల్టర్నేటర్‌ని ఇంజినే తిప్పుతుంది.

మన ఇళ్లలో ఇన్వర్టర్ పని తెలిసినవాళ్లకి ఇది వెంటనే బోధపడుతుంది. లైన్ కరెంటు ఉన్నంతసేపు ఇల్లు దాని మీదే నడుస్తుంది, బ్యాటరీ నిండుతుంది. లైన్ పోతే బ్యాటరీ తాను ఖాళీ అవుతూ ఇంటిని నిలబెడుతుంది. విమానంలో లైన్ స్థానం ఆల్టర్నేటర్‌ది. బ్యాటరీకి ఉన్న పెద్ద పని ఇంజిన్‌ని స్టార్ట్ చేయడం. ఆ తర్వాత అది ఆపద్ధర్మానికి పక్కన ఉంటుందంతే.

పైలట్ ఎడమ చేతి వైపు ఎర్రటి జంట స్విచ్ ఒకటుంటుంది. ఒక సగం బ్యాటరీది, ఇంకో సగం ఆల్టర్నేటర్‌ది. కొత్తవాళ్లు తడబడేది చాలావరకు ఇక్కడే. బ్యాటరీ సగం ఒక్కటే వేసినా తెరలు వెలుగుతాయి, స్టార్టర్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకుంటుంది. విమానం లేస్తుంది కూడా. అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. లోపల మాత్రం బ్యాటరీ ఒక్కటే విమానం మొత్తాన్ని మోస్తూ ఉంటుంది.

ఎంతసేపు మోస్తుందో లెక్క వేయొచ్చు. ఆ బ్యాటరీ సామర్థ్యం సుమారు 13 ఆంపియర్-అవర్లు అనుకుందాం. రెండు తెరలు, రేడియోలు, ట్రాన్స్‌పాండర్, లైట్లు, వేగం కొలిచే గొట్టంలో మంచు పట్టకుండా వేడిచేసే పిటో హీటర్ అన్నీ కలిసి 25 ఆంపియర్లు లాగితే, కాగితం మీద అరగంట. నిజానికి అంత కూడా రాదు. మధురపూడిలో లేచిన సెస్నా అంతర్వేది తీరం చేరడానికి పట్టే సమయం దాదాపు అంతే. చీకటి సరిగ్గా సముద్రం కనిపించే చోటే పడటం వెనుక మర్మం ఈ భాగాహారంలోనే ఉంది.

దీన్ని ముందే పట్టేయొచ్చు. వోల్టుల అంకె 28 దగ్గర ఉంటే ఆల్టర్నేటర్ పనిచేస్తోంది. 24.5 కన్నా దిగితే తక్కువ వోల్టుల హెచ్చరిక వెలుగుతుంది. ఆంపియర్ల ముల్లు ఎప్పుడూ మైనస్ వైపే ఉంటే బ్యాటరీ ఖాళీ అవుతున్నట్టు. మెయిన్ బస్‌లో (పరికరాలకి కరెంటు పంచే ప్రధాన పట్టీలో) వోల్టులు 20కి దిగిపోయాక, రెండో చిన్న బ్యాటరీని ముందే సిద్ధం చేసి ఉంచితే, పైలట్ ముందున్న తెరకీ మరికొన్ని ముఖ్యమైనవాటికీ కనీసం అరగంట కరెంటు అది ఇస్తుంది. కథ మొదట్లో ఒక తెర ముందు, ఒకటి తర్వాత ఆరింది అందుకే. ముఖ్యమైనవి ఒక బస్‌బార్ మీద, వదులుకోగలిగినవి ఇంకో బస్‌బార్ మీద కలిపి ఉంటాయి. ఏది ముందు ఆరిందో గమనిస్తే, ఏ బస్ పోయిందో తెలిసిపోతుంది. ఎలక్ట్రీషియన్ ఇంటికొచ్చి, వంటగదిలో లైటు వెలుగుతోందా, హాల్లో ఫ్యాను తిరుగుతోందా అని అడిగేది ఎందుకో తెలిసినవాళ్లకి ఇది కొత్త విద్యేమీ కాదు.

హెచ్చరిక వెలిగితే ఏం చేయాలో విమానం పుస్తకంలోనే ఉంది. ఆల్టర్నేటర్ సగం ఆపాలి. దాని ఫీల్డ్ బ్రేకర్ లోపలికి ఉందో లేదో చూడాలి. మళ్లీ వేయాలి. రాలేదంటే దాన్ని ఆపేసి, అక్కర్లేనివన్నీ కట్టేసి, వీలైనంత త్వరగా దిగాలి. అన్నిటికన్నా ముందు పిటో హీటర్, ల్యాండింగ్ లైట్లు ఆపండి. అవి వేడి, వెలుగు కోసం కరెంటుని తాగేస్తాయి.

ఇంకో చిక్కు ఉంది. నేల మీద ఇంజిన్ మరీ నెమ్మదిగా తిరుగుతుంటే ఆల్టర్నేటర్ సరిపడా కరెంటు ఇవ్వదు. హెచ్చరిక వెలగొచ్చు. అది చెడిపోవడం కాదు, కాస్త ఇంజిన్ వేగం పెంచితే ఆరిపోతుంది. బ్యాటరీ పూర్తిగా అడుగంటితే మాత్రం ఆల్టర్నేటర్ వేసినా లేవకపోవచ్చు. కరెంటు పుట్టించడం మొదలుపెట్టాలంటే దాని ఫీల్డ్ చుట్టకి ముందుగా కొంత కరెంటు కావాలి. ఆ కొంత ఇచ్చేది బ్యాటరీయే. అందుకే ముల్లు మైనస్ చూపిన క్షణమే మేలుకోవాలి.

మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో యాక్టివ్ పాజ్ నొక్కి భోజనానికి లేచేవాళ్లకి ఒక మాట. విమానం గాలిలో కదలకుండా ఆగుతుంది గానీ లోపలి యంత్రాంగం ఆగదు. పెట్రోలు తరుగుతుంది. ఆల్టర్నేటర్ వేయకపోతే బ్యాటరీ కూడా తరుగుతుంది. పూర్తి పాజ్ వేరే ఉంది, దాన్ని వాడండి.

స్విచ్ పైకి, విమానం కిందికి

“బాబాయ్, స్విచ్ పైకే ఉందండి, లోపల మాత్రం ఆఫ్‌లో ఉంది.” నాకు తరచూ వినిపించే ఫిర్యాదు ఇది. ఇది కబురులో వచ్చే జబ్బు. కీబోర్డు బటన్‌కి ‘ఉన్న స్థితిని తిరగేయి’ అనే ఆజ్ఞ ఇస్తారు. ఒకసారి నొక్కితే ఆన్, ఇంకోసారి నొక్కితే ఆఫ్. కీబోర్డుకి అది చాలు. బల్ల మీద పైకీ కిందికీ నిలిచే అసలు స్విచ్‌కి అదే ఆజ్ఞ ఇస్తేనే తంటా. విమానం ఎక్కేసరికే బ్యాటరీ ఆన్‌లో ఉందనుకోండి. మనం స్విచ్ పైకి వేస్తాం. ప్రోగ్రాం దాన్ని తిరగేసి ఆఫ్ చేస్తుంది. ఇక అక్కడి నుంచి చేయీ విమానమూ చెరో వైపు.

మందు తేలికే. స్విచ్ పైకి వెళ్లినప్పుడు ‘ఆన్ చేయి’ అనే ఆజ్ఞ, కిందికి వచ్చినప్పుడు ‘ఆఫ్ చేయి’ అనే ఆజ్ఞ విడివిడిగా ఇవ్వాలి. బ్యాటరీకీ ఆల్టర్నేటర్‌కీ రేడియోల మాస్టర్‌కీ వేర్వేరుగా ఇవ్వాలి. స్టీరింగ్‌లా పట్టుకుని తిప్పే హనీకోంబ్ ఆల్ఫా లాంటి యోక్‌ల మీద ఈ స్విచ్చులు వరసగా అమర్చే ఉంటాయి. సొంతంగా ఆర్డుయినో బోర్డు, మొబీఫ్లైట్ ప్రోగ్రాంతో ప్యానెల్ కట్టుకునేవాళ్లు కూడా ఇదే పద్ధతి పాటించాలి. ఒకే ఆజ్ఞ రెండు పరికరాలకి ఇచ్చి ఉంటే అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కొత్త పరికరం తగిలించగానే ప్రోగ్రాం తనంతట తాను కొన్ని బటన్లకి పనులు అప్పగిస్తుంది. కొత్తది పెట్టిన రోజే ఆ జాబితా తెరిచి, అక్కర్లేనివి చెరిపేయండి.

ఈ జబ్బుతో విసిగి, మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో కంట్రోల్, ఇ కలిపి నొక్కేవాళ్లున్నారు. అన్ని స్విచ్చులూ వాటంతట అవే పడి విమానం స్టార్ట్ అవుతుంది. చిన్నపిల్లలు సరదాగా ఎగరడానికి అది మంచిదే. తెలుసుకోవాలన్న కోరిక ఉన్నవాళ్లు మాత్రం చల్లారిన విమానం నుంచి ఒక్కొక్క స్విచ్ వేసుకుంటూ, ప్రతి స్విచ్‌కీ ఏం వెలిగిందో చూడాలి.

ఇక్కడే ఫ్లైట్‌గేర్ సంగతి. అందులో విమానం లోపలి అంకెలన్నీ తెరిచి చూడొచ్చు. ప్రాపర్టీ బ్రౌజర్‌లో ఎలక్ట్రికల్ విభాగం తెరిస్తే ఏ పరికరానికి ఎన్ని వోల్టులు అందుతున్నాయో అప్పటికప్పుడు కనిపిస్తుంది. చేతిలో మల్టీమీటరు ఉన్నట్టే. ఆ విమానం కరెంటు లెక్కలు రాసిన ఫైలు కూడా తెరిచి చదవొచ్చు, మార్చొచ్చు. ఎక్స్-ప్లేన్‌లో బ్యాటరీ, జనరేటర్, బస్‌లను కావాలని చెడగొట్టే పట్టిక ఉంది. ఇద్దరు మిత్రులు కూర్చుని, ఒకరు రహస్యంగా ఒకటి చెడగొట్టి, రెండోవారు కనిపెట్టాలి. ఐటీఐ, పాలిటెక్నిక్ ఎలక్ట్రికల్ పిల్లలకి ఇంతకన్నా మంచి అభ్యాసం నాకు తోచడం లేదు.

పెద్ద విమానం పద్ధతే వేరు

ఎయిర్‌బస్ ఏ320లోకి వెళితే లెక్క మారుతుంది. మధురపూడి నుంచి ఢిల్లీ, ముంబై వెళ్లేవాళ్లు ఎక్కే రకం ఇది. ఫ్లైబైవైర్ బృందం తయారుచేసిన ఏ320 మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌కి ఉచితంగానే దొరుకుతుంది. దీనికి 23 ఆంపియర్-అవర్ల బ్యాటరీలు రెండు. పొద్దున్నే విమానం ఎక్కిన పైలట్ ముందుగా వీటి వోల్టులు చూస్తాడు. 25.5 దాటి ఉండాలి. తక్కువైతే బయటి కరెంటు తగిలించి దాదాపు 20 నిమిషాలు చార్జ్ చేయాలి.

ఇంత పెద్ద విమానానికి ఆ బ్యాటరీలు చాలవు. ఒక్కో ఇంజిన్ జనరేటర్, తోకలో ఉండే చిన్న సహాయక ఇంజిన్ (ఏపీయూ) జనరేటర్, ఒక్కోటీ 90 కేవీఏ. అవి పుట్టించేది 115 వోల్టుల, 400 హెర్ట్‌జ్ ఏసీ. మన ఇళ్లకి వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్. ఆకాశంలో 400 ఎందుకంటే, ఆ వేగంలో ట్రాన్స్‌ఫార్మర్లు, మోటార్లు చిన్నవిగా, తేలిగ్గా తయారుచేయొచ్చు. విమానంలో తగ్గించిన ప్రతి కిలో విలువైనదే. పాత విమానాల అసలు మీటర్లు కొని ఇంట్లో కాక్‌పిట్ కట్టుకోవాలనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. వాటిలో చాలావాటికి 400 హెర్ట్‌జ్ కావాలి. మన ప్లగ్గులో పెడితే కాలిపోతాయి.

ఏ320లో ఎక్కువమంది అడిగేది, బయటి కరెంటు బటన్ మీద అందుబాటులో ఉందన్న పచ్చ అక్షరాలు ఎందుకు రావడం లేదని. చాలాసార్లు జవాబు చిన్నది. విమానాన్ని రన్‌వే మీద పెట్టి మొదలుపెట్టి ఉంటారు. రన్‌వే మీదికి కరెంటు బండి రాదు. గేటు దగ్గర మొదలుపెట్టాలి, పార్కింగ్ బ్రేకు వేయాలి, కొన్నింటిలో గ్రౌండ్ సేవల్ని అడగాలి. దిగి గేటుకి వచ్చాక ఏపీయూ గానీ బయటి కరెంటు గానీ లేకుండా ఇంజిన్లు ఆపేస్తే, తెరలు చాలావరకు ఆరిపోతాయి. అది చెడు కాదు, విమానం బ్యాటరీ మీదికి దిగింది.

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా 171 కూలిన తర్వాత ర్యాట్ అనే మాట మన ఇళ్లలో కూడా వినిపించింది. విమానం కడుపు కింద నుంచి గాలిలోకి జారి తిరిగే చిన్న టర్బైన్ అది. ఆనాటి సీసీటీవీ దృశ్యాల్లో అది బయటికి వచ్చి కనిపించిందని నెల తర్వాత వచ్చిన ప్రాథమిక నివేదిక చెప్పింది. ఆ విమానం బోయింగ్ 787. ఏ320లో అయితే రెండు ప్రధాన ఏసీ బస్‌లూ పోయి, వేగం 100 నాట్లకు మించి ఉంటే ర్యాట్ దానంతట అదే జారుతుంది. అది నడిపే అత్యవసర జనరేటర్ 5 కేవీఏ మాత్రమే ఇస్తుంది. 90తో పోల్చి చూడండి. ఏయే తెరలు మిగులుతాయో, ఏవి పోతాయో ఇంట్లో కూర్చుని పరీక్షించి తెలుసుకోవచ్చు. ఆ ప్రమాదాన్నే మళ్లీ ఆడి చూపించే వీడియోల మీద నాకు గౌరవం లేదు. పోయినవాళ్ల ఇళ్లున్నాయి. యంత్రం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం వేరు.

గదిలోని కరెంటు

మూడో కరెంటు విషయంలో కోనసీమ పరిస్థితి ప్రత్యేకమైనది. 1996 నవంబరు 6 తుపాను తర్వాత ఎన్ని రోజులు చీకట్లో గడిపారో పెద్దల్ని అడిగితే చెబుతారు. ఇప్పుడు స్తంభాలు, తీగలు మెరుగయ్యాయి గానీ, గాలివాన వస్తే కరెంటు పోతుంది. చెరువుల మీద ఏరేటర్లు, తోటల్లో మోటార్లు ఒక్కసారిగా తిరిగే వేళ కొన్ని ఊళ్లలో వోల్టేజీ పడిపోతుంది.

మామూలు 600 వీఏ యూపీఎస్ ఇవ్వగలిగేది 360 వాట్ల వరకే. మంచి గ్రాఫిక్ కార్డున్న కంప్యూటర్, మానిటర్ కలిసి అంతకన్నా ఎక్కువ లాగొచ్చు. అలాంటప్పుడు కరెంటు పోయిన క్షణంలోనే యూపీఎస్ కూడా చేతులెత్తేస్తుంది. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ల మీద కొన్ని కొత్త పవర్ సప్లైలు నిలవవు. సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉంటే నిశ్చింత.

జాయ్‌స్టిక్ మధ్యమధ్యలో మాయమై మళ్లీ వస్తుంటే తెర మీది విమానాన్ని అనుమానించక్కర్లేదు. ఒక యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది అర ఆంపియర్. యోక్, పెడల్స్, థ్రాటిల్, లైట్ల ప్యానెల్ అన్నీ ఒకే చిన్న హబ్‌కి తగిలిస్తే అది తట్టుకోలేదు. సొంత అడాప్టర్ ఉన్న హబ్ కొనండి. విండోస్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ అనే పొదుపు ఏర్పాటుని ఆపేయండి. కాసేపు కదలని పరికరాన్ని అది నిద్రపుచ్చుతుంది.

తీరానికి దగ్గరున్న ఊళ్లలో ఉప్పు గాలి ఇంకో శత్రువు. స్విచ్చుల లోపలి రాగి మీద పొర కడుతుంది. స్విచ్ వేస్తే ఒకసారి కబురు పోతుంది, ఒకసారి పోదు. ప్రోగ్రాంలో వెతికితే దొరకదు. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పదిసార్లు అటూ ఇటూ వేస్తే చాలాసార్లు నయమవుతుంది. వాడనప్పుడు గుడ్డ కప్పి ఉంచడం మంచిది.

బ్రేకర్ ఎందుకు పడింది?

సిమ్యులేటర్‌లో బ్రేకర్ బయటికి తన్నుకొస్తే వెంటనే నొక్కేయాలనిపిస్తుంది. 2007 జులై 10న అమెరికాలోని శాన్‌ఫోర్డ్‌లో ఒక సెస్నా 310 ఇళ్ల మీద కూలి ఐదుగురు చనిపోయారు. ముందు రోజు ఆ విమానంలో వాతావరణ రాడార్ నుంచి కాలిన వాసన వస్తే అప్పటి పైలట్ దాని బ్రేకర్ లాగేశాడు, వాసన ఆగింది. బాగుచేయకుండానే మర్నాడు విమానం లేచింది. ఆ బ్రేకర్‌ని మళ్లీ లోపలికి నొక్కి ఉంటారని విచారణాధికారులు భావించారు. బ్రేకర్ పడిందంటే తీగ ఎక్కడో కాలుతోందేమోనని అనుమానించాలి. ఆ పరికరం తప్పనిసరి అయితే, చల్లారనిచ్చి ఒక్కసారి నొక్కాలి. మళ్లీ పడితే వదిలేయాలి. మన ఇంటి ఎంసీబీకీ ఇదే వర్తిస్తుంది.

కారణం కొన్నిసార్లు అనుకోని చోట ఉంటుంది. 2008 జనవరి 7న క్వాంటాస్ బోయింగ్ 747 బ్యాంకాక్‌కి దిగుతుండగా నాలుగు ఏసీ బస్‌లలో మూడు పోయాయి. లోపల 365 మంది ఉన్నారు. వంటగది నీళ్లు కారి, పగిలిన రక్షణ పళ్లెం గుండా కింద ఉన్న ఎలక్ట్రికల్ పెట్టెల్లోకి చేరాయి. ముఖ్యమైన పరికరాల్ని బ్యాటరీలు నిలబెట్టాయి, విమానం క్షేమంగా దిగింది. ఇంకా దూరంలో ఉండి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం.

పరిశీలనగా చూసేవాళ్లకి నచ్చే సంగతి మరొకటి. బోయింగ్ 787ని ఆపకుండా 248 రోజులు కరెంటులో ఉంచితే నాలుగు జనరేటర్ కంట్రోల్ యూనిట్లూ ఒకేసారి ఆగిపోయే ప్రమాదం ఉందని 2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఆదేశం ఇచ్చింది. సెకనులో నూరో వంతు చొప్పున లెక్కపెట్టే గడి ఒకటి అప్పటికి నిండిపోతుంది. 2కి 31వ ఘాతం తీసుకుని నూటితో, ఆపై 86,400తో భాగించండి, 248 దాటి వస్తుంది. అంతదాకా రాకముందే విమానాన్ని ఆపి మళ్లీ వేయమన్నారు. మనం సిమ్యులేటర్‌ని ఆపి వేసేదానికీ దీనికీ తేడా ఉంది. అక్కడ కారణం తెలిసి ఆపారు.

బ్యాటరీ లేకుండా ఇంటికి

ఇన్ని చేసినా ఆల్టర్నేటర్ రాలేదు, బ్యాటరీ అయిపోయింది. అంతర్వేది మీద ఉన్నారు. ప్రోగ్రాం మూయకండి, తిరిగి రండి. వేగం, ఎత్తు చూపే గుండ్రటి మీటర్లు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి, వాటికి కరెంటు అక్కర్లేదు. దిక్సూచి ఉంది. వేగం పడిపోతే మోగే హెచ్చరిక కూడా ఈ సెస్నాలో గాలితోనే కూస్తుంది. పెట్రోలు మీటర్లు మాత్రం కరెంటువి, అవి సున్నా చూపినా నమ్మకండి. లేచిన సమయాన్ని బట్టి లెక్క వేసుకోండి.

మధురపూడి దాదాపు 90 కిలోమీటర్లు, నేరుగా ఉత్తరానికి. వశిష్ఠని ఎడమ చేతి కింద పెట్టుకుని ఎగువకి పోండి. నరసాపురం దాటాక దిండి, చించినాడ వంతెన కనిపిస్తుంది. రాజోలు కుడి వైపున ఉంటుంది. ఆ తర్వాత సిద్ధాంతం దగ్గర జాతీయ రహదారి వంతెన, ఇంకా పైకి పోతే ధవళేశ్వరం ఆనకట్ట. రాజమహేంద్రవరం వంతెనలు దాటి ఉత్తరంగా చూస్తే రన్‌వే దొరుకుతుంది.

రేడియో లేదు గనుక చుట్టూ విమానాలున్నాయేమో కళ్లతోనే చూసుకోవాలి. నిజజీవితంలో అయితే టవర్ నుంచి దీపం చూపిస్తారు. నిలకడగా పచ్చ వెలిగితే దిగొచ్చు, నిలకడగా ఎరుపు అయితే చుట్టూ తిరుగుతూ ఉండాలి. ఫ్లాప్స్ కరెంటుతో నడుస్తాయి కాబట్టి రెక్కలు ఉన్నట్టే ఉంటాయి. 65 నుంచి 75 నాట్ల మధ్య రండి. ముక్కు మామూలు కన్నా పైకి ఉన్నట్టు అనిపిస్తుంది, విమానం రన్‌వే మీద ఎక్కువ దూరం తేలుతుంది. మధురపూడి రన్‌వే సెస్నాకి ఎంతో పొడవు, తొందరపడి నేలకి నొక్కకండి.

పక్కకి తిప్పి ఆపాక పెట్రోలు ఆగేలా మిక్స్చర్ మీట లాగి ఇంజిన్ ఆపండి, తాళం తిప్పండి, ఎర్రటి స్విచ్ రెండు సగాలూ దించండి. కొన్ని విమానాలు పాత స్థితిని గుర్తుంచుకుంటాయి, దించకపోతే రేపు చచ్చిన బ్యాటరీతోనే తెరుచుకుంటాయి. తర్వాత చార్జ్ ఉన్న బ్యాటరీతో అదే విమానాన్ని తీసుకుని, ఈసారి గాలిలో ఆల్టర్నేటర్‌ని కావాలనే ఆపండి. పిటో హీటర్ వేసి ఒకసారి, ఆపి ఒకసారి నడపండి. ఏది ముందు ఆరిందో, ఎన్నో నిమిషాన ఆరిందో పక్కన కాగితం పెట్టుకుని రాయండి.